వింటి వీపు మీద గాటు

పంది కొవ్వు రాస్తుంటే నా బొటనవేలి గోరు వింటి వీపు మీద, లాగేవాడికి అవతలి వైపున, దేనికో తట్టుకుంది. ఒంగి చూస్తే అది కత్తి గాటు, ఎవరో కావాలని కోసింది.

వెంట్రుకంత సన్నం. బొటనవేలి గోరంత పొడవు. పిడికి పైన జానెడు దూరంలో, విల్లు లాగినప్పుడు బద్ద అన్నిటికంటే ఎక్కువ వంగే చోట, సరిగ్గా అడ్డంగా ఉంది. చెక్కపొడీ కొవ్వూ కలిపి దాన్ని పూడ్చారు. రోజూ రుద్దే చెయ్యి కాబట్టి నాకు తగిలింది గానీ కంటికి ఆనేది కాదు. గోటితో గీకితే పొడి రాలింది. లోపల నిమ్మతొక్క పసుపు.

ఈ విల్లు బోడార్క్ చెట్టుది. బోడార్క్ చెక్క కోసిన రోజు పసుపుగా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ముదురుతూ నెల తిరిగేసరికి తేనె రంగుకి వస్తుంది. విల్లంతా తేనె రంగే. గాటు లోపల మాత్రం పచ్చి పసుపు. అంటే ఇది వసంతంలో మా మామ కత్తి జారి పడిన గీత కాదు. ఈ వారంలో పడ్డది.

ఆ విల్లు మా తమ్ముడు ఈనాక్ కోసం మా మేనమామ లెవై చేస్తున్నది. ఆగస్టు ఆఖర్న ఏటి అవతల బీడులో మొక్కజొన్న దంట్ల పందెం. రెండు గుంజల మధ్య గోడలా పేర్చిన దంట్లలోకి బాణం ఎన్నిటిని చీల్చుకుని దిగితే అన్ని పాయింట్లు. దూరం ఎక్కువ, బాణం బరువు. బిర్రయిన విల్లు కావాలి, దాన్ని చెంప దాకా లాగాలి. అలా లాగిన విల్లు వీపు తెగి విరిగితే పై ముక్క ఎక్కడికి వస్తుందో మా లోయలో అందరికీ తెలుసు. చర్చిలో మా వెనక బల్ల మీద కూర్చునే సైలస్‌కి కుడికన్ను లేదు. ఆ వైపు దవడ లోపలికి పోయి ఉంటుంది. పిల్లలు కూడా ఆయన్ని చూసి నవ్వరు.

బోడార్క్ మనిషి మాట వినే చెట్టు కాదు. ఒళ్ళంతా ముళ్ళు, కాండమంతా మెలికలు. గొడ్డలి పదును పూటకి ఆగదు. మా ఓక్లహోమా కొండల్లో దాన్ని కంచె గుంజలకి వాడతారు, పాతినవాడు పోయినా గుంజ పోదని. విల్లుకి అంతకు మించిన చెక్క లేదని మా చెరోకీ వాళ్ళు ఎవరైనా చెబుతారు. చేసిపెట్టమంటే మాత్రం జారుకుంటారు. అమ్మ చనిపోయిన చలికాలంలో మామ ఆ చెట్టు కొట్టి, చీల్చి, చివర్లకి మైనం పూసి అటక ఎక్కించాడు. ఏళ్ళ తరబడి ఆరింది. ఈ వసంతంలో దించి, రెండు పిడుల కత్తితో పై పొరలు ఒక్కొక్కటే ఒలవడం మొదలుపెట్టాడు. చెట్టు ఏడాదికొక పొర పెంచుతుంది. అందులో ఒకే ఒక్క పొర ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా వీపుగా మిగలాలి. కణుపు దగ్గర పొర గుబ్బలా లేస్తే కత్తీ లేవాలి, గుంటలా దిగితే కత్తీ దిగాలి. ఒక్కచోట తెగితే విల్లు అక్కడే పోతుంది. కరువు ఏడాదుల పొరలు కాగితంలా ఉంటాయని మామ వాటన్నిటినీ వదిలి, ఎప్పుడో వానలు బాగా కురిసిన ఏడాది పొరని వెతికి పట్టుకున్నాడు. వారాల పాటు ఆయన వీపు తప్ప మొహం చూడలేదు మేం.

అలాంటి పొరని ఎవరో ఒక్క కోతతో తెంపారు. అదీ చేతకానివాడి కోత కాదు. ఎక్కడ కోస్తే ప్రాణం పోతుందో తెలిసిన చెయ్యి.

మా కొట్టానికి తాళం ఉండదు. అయినా అందులోకి మా నలుగురం తప్ప ఎవరూ రారు. మామ, ఈనాక్, నేను, నా మొగుడు ఏమస్.

ఏమస్‌ది ఏటి అవతల ఊరు, పందెంలో ఈనాక్‌కి ఎదుటివాళ్ళది.

*

మామ బయట సానరాయి దగ్గర ఉన్నాడు. విల్లు పట్టుకెళ్ళి, ఆయన వేలు పట్టుకుని గాటు మీద పెట్టాను.  సానరాయి దానంతట అదే తిరిగి తిరిగి ఆగింది.

"నువ్వే చూశావా?" అన్నాడు.

"నేనే. ఇందాక."

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు. ఎవరు మామా ఇది?"

ఆయన విల్లుని ఎండకి అడ్డం పెట్టి చూశాడు. "ఈనాక్ చెవిన పడితే వాడు ముందు ఎవరి వైపు చూస్తాడో నీకు తెలుసుగా నెట్టీ."

తెలుసు.  చెబితే నా తమ్ముడు నా మొగుడి మీదకి తుపాకి ఎత్తుతాడు. చెప్పకపోతే ఈ విల్లు నా తమ్ముడి మొహం మీద విరుగుతుంది.

"పొయ్యిలో పెట్టేద్దామా దీన్ని?"

"పెడితే, ఎవరు పెట్టారని అడుగుతాడు. మళ్ళీ అక్కడికే." మామ చెయ్యి విల్లు మీద అటూ ఇటూ తిరుగుతోంది, జబ్బు చేసిన దూడని నిమిరినట్టు. "రేపు గుంజకి కడతా. వాడు చూస్తుండగానే కడతా. విరగాల్సింది అక్కడే విరుగుతుంది. ఎండకి పెళుసెక్కిందని అనుకుంటారు. వరసగా ఇన్నేళ్ళ కరువు, చెక్క మాత్రం ఏం ఆగుతుంది."

ఆయన తెలివికి నాకు ప్రాణం లేచొచ్చింది. గుంజ మీద విరిగిన విల్లుకి దోషి ఉండడు.

*

లాగుడు గుంజ అంటే కొట్టం వెనక పాతిన మనిషెత్తు మొద్దు. పైన గాడిలో వింటి పిడి కూర్చోబెట్టి, నారికి తాడు తగిలించి, కింద ఉన్న కప్పీ గుండా తాడుని దూరం నుంచి లాగుతారు. బద్దలు రెండూ సమానంగా వంగుతున్నాయో లేదో చూసుకోవచ్చు. విరిగితే ముక్కలు ఎవరికీ తగలవు.

పొద్దున్నే ఈనాక్ ఖాళీ నీళ్ళతొట్టి అంచు మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. పక్కన ఏమస్, అడవికి పోవడానికి భుజాన గొడ్డలితో.

"బావా, మీ ఓటిస్‌కి ఈ ఏడు ఎన్ని పళ్ళున్నాయి?"

"పోయినేడు నువ్వు రాలగొట్టింది ఒక్కటేరా. అదీ ముందునుంచీ కదులుతున్నదే. నీ గొప్పేం లేదు."

"మిగతావి దాచుకోమను. వస్తున్నానని చెప్పు."

"నేను చెప్పేదేంటి. నీ నోరు నీకంటే ముందే ఏరు దాటింది."

ఓటిస్ ఏమస్‌కి పెదనాన్న కొడుకు. నిరుడు పందెంలో ఓడి, ఈనాక్ దంట్లు లెక్కపెట్టడంలో మోసం చేశాడన్నాడు. ఈనాక్ గుద్దాడు. ఓటిస్ రక్తం ఉమ్మి, "ఇంకోసారి ఏరు దాటితే ట్రక్కులో పడుకోబెట్టి పంపుతా" అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఓటిస్ నవ్వలేదు.

మామ తాడు లాగాడు. విల్లు వంగింది. నేను గాటు ఉన్న చోటు మీదనుంచి చూపు తిప్పలేదు. ఇంకాస్త లాగాడు. కప్పీ కీచుమంది. పై బద్ద నెలవంకలా వచ్చింది. ఇప్పుడే అనుకున్నాను. ఇంకా లాగాడు. గుంజ మీద బొగ్గుతో గీసిన గుర్తు దాకా, దాన్ని దాటి అరచెయ్యంత.

విరగలేదు.

మామ మొహం పాలిపోయింది. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. తాడు మెల్లగా వదిలాడు.

"చూశావా బావా," ఈనాక్ తొట్టి మీదనుంచి దూకాడు. "లెవై మామ చెయ్యి పడ్డాక బోడార్క్ అయినా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది." అంటూనే విల్లు అందుకుని నారి మీద వేళ్ళు వేశాడు.

వాడి వైపు ఒక అడుగు వేశాను.

"కింది బద్ద ఇంకా బిర్రుగా ఉంది," మామ చెయ్యి చాచాడు. "లోపలి వైపు పొట్ట గీకాలి."

"నాకేం కనబడ్డం లేదే."

"నా కంటికి కనబడుతోంది."

ఈనాక్ నవ్వి ఇచ్చేశాడు. మామ దాన్ని రెండు చేతులా పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాడు. ఆయన నడక తడబడడం నేను చూశాను. భయమే అనుకున్నాను. భయమే. అయితే నేను అనుకున్న భయం కాదది.

*

ఆ వేసవంతా పందిరి కిందే తిన్నాం. బావి ఎండిపోయింది. మామ రోజూ పొద్దున్నే ట్రక్కులో పీపాలు వేసుకుని ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు తెచ్చేవాడు. మొక్కజొన్న మోకాలెత్తు దాటలేదు. పందేనికి దంట్లు ఎక్కడ దొరుకుతాయన్నది ఊళ్ళో పెద్ద చర్చ.

ఒక మధ్యాహ్నం చిక్కుడు గింజల రొట్టె పెడుతుంటే మామ ఉన్నట్టుండి కథ ఎత్తుకున్నాడు.

"ఒక కుక్క ఉండేది. ఏరు దాటి వెళ్ళి ఒకసారి ఎముక తెచ్చుకుంది. రుచి మరిగి రెండోసారి వెళ్ళింది."

"తర్వాత?" అన్నాడు ఈనాక్.

"తర్వాత కథ చెప్పడానికి కుక్క తిరిగి రాలేదు."

ఈనాక్ తింటూనే ఆలోచించాడు. "ఎముక బావుండి ఉంటుంది మామా. అక్కడే కాపరం పెట్టేసి ఉంటుంది, మా బావ ఇక్కడ పెట్టినట్టు."

అందరికంటే గట్టిగా ఏమస్సే నవ్వాడు. మామ కూడా పెదవులు కదిపాడు. కథ ఎవరి గురించో ఈనాక్‌కి తెలుసు. తెలిసే అలా తిప్పికొట్టాడు. అంతటితో అయిపోయింది. మావాళ్ళలో ఎదిగిన మనిషికి ఎవరూ వెళ్ళమని చెప్పరు, వెళ్ళొద్దనీ చెప్పరు. కన్నతల్లి అయినా, తల్లి తర్వాత తల్లంతటి మేనమామ అయినా సరే. చెప్పడమంటే వాణ్ణి చంటిపిల్లాణ్ణి చేసినట్టు. కథ చెబుతారు, ఊరుకుంటారు, దారిలోంచి లేచి పక్కకి కూర్చుంటారు. వినేవాడు వింటాడు. వినకపోతే అది వాడి బతుకు.

నేనూ ఆ నీళ్ళు తాగి పెరిగినదాన్నే. ఏమస్ మొహం మీద "నువ్వే కోశావా" అని అడగడానికి నోరు రాలేదు.

ఆ వారంలోనే ఓటిస్ మా కంచె దగ్గరికి వచ్చాడు, ఏమస్ కొట్టిన గుంజలు తీసుకుపోవడానికి. ట్రక్కు దిగకుండానే మోచెయ్యి బయటపెట్టి మాట్లాడాడు.

"ఏం నెట్టీ, మీవాడి బొమ్మవిల్లు అయిందా?"

"అవుతోంది."

"తొందరేం లేదని చెప్పు. కొన్ని పనులు ఆలస్యమైతేనే మంచిది." ముందుపన్ను లేని నవ్వు నవ్వాడు.

గుంజలు ఎక్కించాక ఏమస్ ట్రక్కు కిటికీ దగ్గర నిలబడి ఏదో గొంతు తగ్గించి చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఓటిస్ ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ విన్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఇద్దరూ మాట ఆపేశారు.

"ఏంటి మాటలు?" అన్నాను.

"ఏం లేదు. గుంజల సంగతి."

గుంజల సంగతికి గొంతు తగ్గించడం ఎందుకు? అతని పాంటు మడతల్లో పసుపు పొడి ఉంది. అయితే బోడార్క్ కొట్టి బతికేవాడి బట్టల్లో పసుపు పొడి ఉండక ఏముంటుంది. నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని, కొట్టంలోకి వెళ్ళాను.

గుంజకి కట్టిన పొద్దునే గాటుకి రెండు కొసల దగ్గరా సూదితో చిన్న గుర్తు పెట్టి ఉంచాను. ఇప్పుడు గాటు ఆ గుర్తుల్ని దాటిపోయింది. గోరు పెడితే ఇదివరకటికంటే లోతుకి దిగింది. కొత్త పొడితో మళ్ళీ పూడ్చి ఉంది.

గుంజ మీద విరగలేదని తెలిసినవాడే మళ్ళీ వచ్చి కోశాడు. ఆ పొద్దున గుంజ దగ్గర ఉన్నది నలుగురమే.

"మామా," అన్నాను, ఆయన నీళ్ళ పీపాలు దింపుతుంటే. "ఇంకా కోశారు."

ఆయన పీపా మీదనుంచి తలెత్తలేదు.

"ఏమస్ అయి ఉంటాడా?"

"ఏమస్ కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"వాళ్ళ ఊరివాళ్ళ కోసం..."

"ఏమస్ కాదన్నాగా నెట్టీ." అంత ఖరాఖండీగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నా కాపరం నిలబెట్టడానికి అబద్ధమాడుతున్నాడనుకున్నాను. ఆ మంచితనం చూసి నాకు ఇంకా భయమేసింది.

*

ఏమస్ కత్తి తీసి పిండి డబ్బాలో దాచాను.

"నా కత్తి చూశావా?" పొద్దున్నే అడిగాడు.

"ఏ కత్తి?"

"నాకు పది కత్తులున్నట్టు అడుగుతావేంటి. ఎముక పిడిది."

"చూళ్ళేదు."

నా మోచెయ్యి పక్కనే పిండి డబ్బా. రొట్టెకి పిండి తియ్యాలి. తియ్యలేదు. అతను గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.

"ఒంట్లో బావుందా నీకు? నాతో సరిగ్గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

"ఎండ."

"ఎండ నా మీదా కాస్తోంది. నేను మాట్లాడుతూనే ఉన్నా." గొడ్డలి గుమ్మానికి ఆనించాడు. "మీ మామ కూడా అలాగే ఉన్నాడు. ఈ ఇంట్లో నవ్వుతున్నది నేనూ మీ తమ్ముడూ మాత్రమే. మేమిద్దరం బుద్ధిలేని వాళ్ళమా, లేక మీ ఇద్దరికీ తెలిసింది మాకు తెలీదా?"

ఎదురుగా వచ్చిన మాట. జవాబు చెబితే తేలిపోయేది. నేను చెంబు తీసుకుని నీళ్ళకని బయటికి వెళ్ళాను. అతని పక్కన పడుకోవడానికి భయపడుతూనే, అతన్ని ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని కూడా భయపడ్డాను. రెండు భయాలు ఒక్క ఒంట్లో ఎలా పట్టాయో ఇప్పటికీ తెలీదు.

మామ విల్లు ఇవ్వకుండా రోజుకో సాకు చెప్పాడు. పొట్ట గీకాలన్నాడు. నారి నచ్చలేదన్నాడు. కొవ్వు ఇంకాలన్నాడు. పందెం రేపనగా కూడా, "నీళ్ళు తెచ్చాక ఇంకోసారి గుంజకి కట్టి చూద్దాం" అని ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళిన కాసేపటికి నాకు తెగింపు వచ్చింది. గుంజా వద్దు, దోషీ వద్దు. విల్లు పొయ్యిలో పెట్టేస్తా. ఎవరు కాల్చారంటే నేనే అంటా. పిచ్చిదాన్నంటారు, అననీ. పొయ్యి రాజేసి కొట్టంలోకి వెళ్ళాను.

కొయ్యకి విల్లు లేదు.

మా కంచె పక్క బీడు వైపు నుంచి నవ్వులు వినిపించాయి.

*

పరిగెత్తాను. ఎండిన మొక్కజొన్న ఆకులు కాళ్ళు కోశాయి. కంచె దగ్గరికి వచ్చేసరికి వాళ్ళిద్దరి మాటలూ తెలిశాయి.

"ఆయన గీకుతూనే ఉంటే రేపటికి పళ్ళు కుట్టుకునే పుల్ల మిగులుతుంది," ఈనాక్ అంటున్నాడు. విల్లు వాడి చేతిలో ఉంది. నారి ఎక్కించేశాడు.

"ఇటివ్వరా ముందు. ఇల్లరికపు అల్లుడికి ఈ ఇంట్లో మొదటి రొట్టె ఎటూ దక్కదు. మొదటి బాణమైనా వెయ్యనీ."

"లాగగలవా?"

"నీకు విల్లు పట్టడం నేర్పిందెవరు?"

"మామ."

"పక్కన నిలబడి చప్పట్లు కొట్టిందెవరు?"

ఈనాక్ నవ్వి విల్లు అందించాడు. ఏమస్ దాన్ని ఒకసారి అరచేతిలో తూచి, ఎండలో అటూ ఇటూ తిప్పి మెచ్చుకుంటూ చూసుకున్నాడు. బాణం సంధించి, కాళ్ళు ఎడం చేసి, లాగడం మొదలుపెట్టాడు.

కోసిన చెయ్యి ఆ విల్లుని అలా పట్టుకోదు.

"ఏమస్, వదులు," అని అరిచాను.

అతను నా వైపు తల తిప్పాడు. విల్లు అప్పటికే చెంప దాకా వచ్చేసింది.

పెద్ద చప్పుడేం కాలేదు. బల్ల మీద అరచేత్తో చరిచినట్టు, అంతే. ఏమస్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తల తిప్పబట్టి కన్ను దక్కింది. పై ముక్క ఎడమ చెవిని చీల్చి, చెంప ఎముక మీద చర్మాన్ని లేపుకుపోయింది. నా ఏప్రన్ విప్పి అదిమిపెట్టాను. గుడ్డంతా ఎరుపైంది.

"చెవి ఉందా?" అన్నాడు.

"సగం."

"నువ్వు అరిచిన మాట మిగతా సగంతో విన్నా." నవ్వబోయాడు, నొప్పికి ఆగిపోయాడు. "వదులు అన్నావు. నీకెలా తెలుసు?"

నేను జవాబు చెప్పేలోగా ఈనాక్ గడ్డిలోంచి విరిగిన ముక్క తీశాడు. విరిగిన కొస సగం ఈనెలు ఈనెలుగా చీలి ఉంది. మిగతా సగం నున్నగా, కత్తి కోసినట్టు, పసుపు. వాడు దాని మీద బొటనవేలు పెట్టి నిలబడిపోయాడు.

ఏమస్ వైపు చూశాడు. ఏమస్ రక్తం వైపు చూశాడు. ఆ వైపు నుంచి చూపు తీసి ఏటి వైపు తిప్పాడు.

"నా కోసం కోశారు," అన్నాడు. గొంతు చాలా మెల్లగా ఉంది. "మన కొట్టంలోకి వచ్చి కోశారు."

"ఈనాకూ, ఆగు, ముందు బావని చూడు..."

వాడు ఇంటి వైపు నడిచాడు. పరిగెత్తలేదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. ఏమస్‌ని లేవదీసి, నడిపించుకుంటూ పందిరి దాకా తెచ్చేసరికి, వాడు గోడ మీది తుపాకి దించి, తూటాలు జేబులో వేసుకుంటూ గుమ్మం దాటుతున్నాడు.

అప్పుడే మామ ట్రక్కు ఎత్తు ఎక్కి వచ్చింది. వెనక పీపాల్లో నీళ్ళు సగమే ఉన్నాయి. మామ దిగి, ముందు ఏమస్ మొహం చూశాడు. తర్వాత నా చేతిలో గుడ్డ. ఈనాక్ చేతిలో తుపాకి. ఆయన టోపీ తీసి ట్రక్కు మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏటి అవతల వాళ్ళు మన కొట్టంలోకి వచ్చారు మామా," ఈనాక్ అన్నాడు. "నేను వెళ్ళొస్తా."

మామ నోరు తెరిచాడు.  తెరిచాక మళ్ళీ ఆగలేదు.

"ఎవరూ రాలేదు. కోసింది నేను.

ఓటిస్ వాళ్ళ నాన్న ఊట దగ్గర కలిశాడు, జూలైలో. చిన్నప్పుడు కలిసి చేపలు పట్టినవాళ్ళం. 'మావాడు ట్రక్కు సీటు కింద తుపాకి పెట్టుకు తిరుగుతున్నాడు లెవై. పందెం రోజు కోసమే. మీవాడు ఏరు దాటితే కాలుస్తాడు. నేను మావాడికి చెప్పలేను, నువ్వు మీవాడికి చెప్పలేవు' అన్నాడు. ఇద్దరం ముసలాళ్ళం పీపా నిండి పొర్లిపోతున్నా చూస్తూ కూర్చున్నాం. నీకు కుక్క కథ చెప్పా. నువ్వు నవ్వావు.

విల్లు లేకపోతే వెళ్ళవు అనుకున్నా. పాత విల్లుతోనో అరువు దానితోనో పందేనికి వెళ్ళేవాడివి కాదు నువ్వు. గుంజ మీద నీ కళ్ళముందే విరిగితే ఎవరికీ తప్పు రాదు, నీ పరువూ పోదు. అందుకని కోశా. ఎన్ని విళ్ళు చేశానో, ఏ పొరనీ ఎప్పుడూ తెంపలేదు. మనసొప్పక పైపైన కోశా. అది విరగలేదు. మంచి చెక్క. మళ్ళీ వెళ్ళి కోశా, ఈసారి లోతుగా. ఇవాళ నీళ్ళు తెచ్చాక కడదామనుకున్నా. ఊటలో నీళ్ళు తగ్గిపోయాయి, పీపా నిండలేదు, అక్కడే కూర్చుండిపోయా.

నెట్టీ ఏమస్‌ని అనుమానిస్తోందని తెలుసు. వాడు కాదు అన్నా, నేనే అని మాత్రం అనలేకపోయా. అల్లుడా, నీ చెవి తీసింది ఈ చెయ్యే. నువ్వు కంచె దగ్గర ఓటిస్‌ని బతిమాలుతుంటే విన్నా, మావాణ్ణి ఏం చెయ్యకురా అని. నువ్వు నోరు తెరిచి అడిగావు. నేను కత్తి తీశా.

ఈనాకూ, ఎదిగినవాడికి అడ్డు చెప్పకూడదని మా అమ్మ నేర్పింది. మీ అమ్మకీ అదే నేర్పింది. ఆ మర్యాద నిలబెట్టుకోవడానికి నీ మొహం పోయేదాకా తెచ్చా. ఇంక నాకు మర్యాద లేదు. తుపాకి లోపల పెట్టు ఈనాకూ. ఇవాళా వద్దు, రేపూ వద్దు. వెళ్ళకురా."